పాత లారీ ఇంజన్ భారీ లోడుకు పనికొస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

మెకానిక్ చూసి ఇంజన్ బాగుందన్నాడు. ఇంకా చూడాల్సింది ఏముంటుంది?

చాలా ఉంటుంది. ఇంజన్‌లో ఇంకా ఎంత ఆయుష్షు ఉందనేది ఒక ప్రశ్న. మీరు వేయబోయే లోడుకు, మీరు తిరగబోయే ఎత్తులకు ఆ ఇంజన్ సరిపోతుందా అనేది వేరే ప్రశ్న. మెకానిక్ మొదటిదానికి జవాబు చెప్పాడు. రెండోది ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. తేలిక సరుకు మోసుకుంటూ పదేళ్లు హాయిగా తిరిగిన బండి శబ్దంలో, పొగలో ఏ లోపమూ చూపించదు. అదే బండికి రెట్టింపు బరువు కట్టి ఘాట్ ఎక్కిస్తే ఆరు నెలల్లో హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు. అది ఇంజన్ తప్పు కాదు, ఎంపిక తప్పు.

అందుకే ముందు సరిపోతుందా లేదా తేల్చుకోండి. సరిపోని ఇంజన్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా చూడటం దండగ.

నా లోడుకు ఎంత హెచ్‌పీ కావాలి?

దీనికి లెక్క ఉంది, పెద్ద కష్టమైనది కాదు. బండి, సరుకు కలిపి 40 టన్నులు అనుకుందాం. చదును రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి ఇంజన్ ఇవ్వాల్సింది దాదాపు 140 హెచ్‌పీ. టైర్ల రాపిడి, గాలి అడ్డు, ఇంతే. ఇక్కడే చాలామంది మోసపోతారు. చదును రోడ్డు మీద ట్రయల్ చూసి "భలే లాగుతోంది" అనుకుంటారు.

ఇప్పుడు అదే 40 టన్నులతో 5 శాతం ఎత్తు ఎక్కాలి. 5 శాతం అంటే వంద మీటర్లు ముందుకు వెళితే ఐదు మీటర్లు పైకి లేచే రోడ్డు. ఆ బరువును వెనక్కి లాగే బలం ఒక్కటే 19,600 న్యూటన్లు ఉంటుంది, టైర్ల రాపిడి కలిపితే సుమారు 22,000. గేరుబాక్సులో, హౌసింగ్‌లో (వెనక ఇరుసు మధ్య డిఫరెన్షియల్ ఉండే పెట్టె) పోయే నష్టం కూడా కలుపుకుంటే గంటకు 30 కిలోమీటర్ల వేగం నిలబెట్టడానికి సుమారు 280 హెచ్‌పీ కావాలి. 40 కిలోమీటర్లు కావాలంటే 370 దాటుతుంది. 240 హెచ్‌పీ బండి అదే ఎత్తును 25, 26 కిలోమీటర్ల దగ్గర ఎక్కుతుంది.

గుర్తుంచుకోవడానికి ఇలా పెట్టుకోండి. మొత్తం బరువులో టన్నుకు 7 హెచ్‌పీ ఉంటే 5 శాతం ఎత్తులో 30 కిలోమీటర్ల వేగం దొరుకుతుంది. 25 టన్నులైతే 175 హెచ్‌పీ. మీ దారిలో ఎత్తులు తక్కువైతే టన్నుకు 5, 6 ఉన్నా పని నడుస్తుంది, కాకపోతే ఓపిక కావాలి. రోజూ ఘాట్ రోడ్డే అయితే టన్నుకు 8కి తగ్గవద్దని నా అభిప్రాయం.

ఇంకో మాట. టర్బో లేని పాత ఇంజన్ సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తుకు వెళితే పవర్‌లో దాదాపు పదో వంతు పోగొట్టుకుంటుంది. టర్బో ఉన్నవాటికి ఆ బెడద చాలా తక్కువ.

హెచ్‌పీ చూడాలా, టార్క్ చూడాలా?

రెండూ ఒకే లెక్కలోవే. టార్క్‌ను (తిప్పే బలం) ఆర్‌పీఎంతో (నిమిషానికి చుట్లు) గుణించి 7,000తో భాగిస్తే దాదాపు హెచ్‌పీ వస్తుంది (టార్క్ న్యూటన్ మీటర్లలో ఉండాలి). అసలు చూడాల్సింది ఆ పవర్ ఏ ఆర్‌పీఎం దగ్గర దొరుకుతుందో.

రెండు ఇంజన్లు తీసుకోండి. రెండింటి ప్లేటు మీదా 280 హెచ్‌పీ అనే ఉంది. ఎత్తులో బండి భారంగా లాగుతూ ఆర్‌పీఎం 1,200కి పడిపోయింది. ఆ క్షణంలో మొదటి ఇంజన్ 950 న్యూటన్ మీటర్లు ఇస్తే మీ కాలి కింద ఉన్నది 160 హెచ్‌పీ మాత్రమే. రెండోది 1,300 ఇస్తే 220 ఉన్నట్టు. మొదటి బండి డ్రైవర్ వెంటనే గేరు దించాలి, రెండో బండి డ్రైవర్ అదే గేరులో పోనిస్తాడు. డ్రైవర్లు "పుల్లింగ్ ఉంది" అనేది దీన్నే.

కాబట్టి అమ్మేవాళ్లను గరిష్ఠ టార్క్ ఎంత అని అడిగి ఊరుకోకండి. అది ఎన్ని ఆర్‌పీఎం నుంచి ఎన్ని ఆర్‌పీఎం వరకు నిలుస్తుందో కంపెనీ గ్రాఫులో చూడండి. 1,000, 1,100 దగ్గర మొదలై 1,500 దాకా బల్లపరుపుగా సాగే గ్రాఫు భారీ లోడుకు పుట్టిన ఇంజన్‌ది. 1,600 దగ్గర చిన్న శిఖరంలా లేచి పడిపోయేది తేలిక బండిది.

6 లీటర్ల ఇంజన్, 10 లీటర్ల ఇంజన్ రెండూ 1,200 న్యూటన్ మీటర్లు ఇస్తున్నాయి. చిన్నది డీజిల్ తక్కువ తాగుతుంది కదా, అదే తీసుకోవచ్చా?

అప్పుడప్పుడూ లోడు పడే పనికి తీసుకోవచ్చు. రోజంతా లోడే అయితే వద్దు. చిన్న ఇంజన్ లీటరుకు 200 న్యూటన్ మీటర్లు పిండుతోంది, పెద్దది 120. అంటే చిన్నదానిలో ప్రతి పిస్టన్ మీదా, ప్రతి బేరింగ్ మీదా ఒత్తిడి ఎక్కువ, హెడ్ మీద వేడి ఎక్కువ. కొత్తలో ఆ తేడా కనిపించదు. సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారు కాబట్టి అది బయటపడే వయసులోనే ఇంజన్ మీ చేతికి వస్తోంది.

లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) సంగతి కూడా అడగండి. భారీ ఇంజన్లలో ఎక్కువ భాగం నీటిలో ఉండే లైనర్లతో వస్తాయి. అరిగితే ఇంజన్ ఛాసిస్ మీద ఉండగానే లైనర్లు, పిస్టన్లు మార్చుకోవచ్చు. చిన్న ఇంజన్లలో చాలావాటికి బోరు (పిస్టన్ ఆడే రంధ్రం) నేరుగా బ్లాకులోనే ఉంటుంది, అరిగితే బ్లాకు దించి బోరింగుకు పంపాల్సిందే. కమిన్స్‌లోనే చూడండి, 5.9 లీటర్ల బీ సిరీస్‌కు లైనర్లు లేవు, 8.3 లీటర్ల సీ సిరీస్‌కు ఉన్నాయి. రెండూ మంచి పేరున్న ఇంజన్లే, కానీ చేసే పనులు వేరు.

ఇంజన్ సరిపోతే చాలా? గేర్లు, హౌసింగ్ కూడా చూడాలా?

తప్పకుండా. ఇంజన్ ఇచ్చిన టార్క్‌ను చక్రం దగ్గరికి ఎన్ని రెట్లు చేసి పంపాలో తేల్చేవి గేరుబాక్సు, డిఫరెన్షియల్ రేషియోలే. హైవే మీద వేగం కోసం డిఫరెన్షియల్‌కు 3 చిల్లర రేషియో (షాఫ్ట్ మూడు చుట్లకు పైగా తిరిగితే చక్రం ఒక చుట్టు) వేసిన బండిని అదే ఇంజన్‌తో భారీ లోడుకు వాడితే నిలిచిన చోట నుంచి కదలడానికే క్లచ్ కాలిపోతుంది. 5, 6 రేషియో ఉన్న బండి మెల్లగా వెళ్తుంది కానీ ఎత్తులో ఆగినా మళ్లీ కదులుతుంది. రేషియో హౌసింగ్ ట్యాగ్ మీద ఉంటుంది. ట్యాగ్ లేకపోతే ఛాసిస్ నంబరుతో కంపెనీ డీలర్ దగ్గర తెలుసుకోవచ్చు. ట్రాలీతో కలిపి ఎంత బరువు లాగవచ్చో కంపెనీ రాసిన పరిమితి ఒకటి ఉంటుంది. ఇంజన్‌కు బలం ఉంది కదా అని దాన్ని దాటితే బ్రేకులకు, ఛాసిస్‌కు ఆ బలం ఉండదు.

ఇంజన్ ప్లేటు మీద ఏం చూడాలి?

రేటెడ్ హెచ్‌పీ, ఏ ఆర్‌పీఎం దగ్గర, మోడల్, సీరియల్ నంబరు. ఒకే బ్లాకుతో కంపెనీలు 180, 220, 280 అని రకరకాల రేటింగులు అమ్ముతాయి. తేడా కంప్యూటర్ ప్రోగ్రాములోనే ఉందనుకుంటారు చాలామంది. చాలాసార్లు పిస్టన్లు, టర్బో, ఇంజెక్టర్లు, ఆయిల్ కూలర్ కూడా వేరుగా ఉంటాయి. కమిన్స్ ప్లేటు మీద సీపీఎల్ అని ఒక నంబరు ఉంటుంది, ఆ ఇంజన్‌లో ఏ భాగాలు కూర్చారో ఆ నంబరే చెబుతుంది. సీరియల్ నంబరు కాగితాల్లో ఉన్నదానితో కలవకపోతే ఇంజన్ ఎప్పుడో మారిందన్న మాట. మారడం తప్పు కాదు, దాచడం అనుమానించాల్సిన విషయం.

ఎన్ని కిలోమీటర్లు తిరిగిన ఇంజన్ వరకు కొనవచ్చు?

ఈ ప్రశ్న నన్ను అడిగిన ప్రతిసారీ నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఎంత డీజిల్ తాగింది? కిలోమీటర్లు టైర్ల వయసు చెబుతాయి. ఇంజన్ వయసు చెప్పేది డీజిల్.

ఎలక్ట్రానిక్ ఇంజన్ అయితే డీలర్ దగ్గరో, స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరో ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) రిపోర్టు తీయించండి. మొత్తం గంటలు, ఐడిల్ (బండి కదలకుండా ఇంజన్ నడిచిన) గంటలు, మొత్తం డీజిల్ అందులో ఉంటాయి. ఉదాహరణకు 240 హెచ్‌పీ ఇంజన్. 12,000 గంటలు నడిచింది, అందులో 2,000 ఐడిల్. మొత్తం తాగింది 3,00,000 లీటర్లు. ఐడిల్‌లో గంటకు రెండున్నర లీటర్ల చొప్పున 5,000 తీసేయండి. మిగిలిన 2,95,000 లీటర్లను 10,000 గంటలకు పంచితే గంటకు 29.5 లీటర్లు. ఆ ఇంజన్ పూర్తి బలంతో నడిస్తే గంటకు సుమారు 43 లీటర్లు తాగుతుంది. అంటే జీవితమంతా దాదాపు 70 శాతం లోడు మీద బతికింది. అది బాగా కష్టపడ్డ ఇంజన్. అదే 12,000 గంటలకు 1,50,000 లీటర్లే చూపిస్తే, మీటరు మీద కిలోమీటర్లు ఎన్ని ఉన్నా, దానిలో సరుకు ఇంకా ఉంది.

ఐడిల్ మరీ ఎక్కువైనా మంచిది కాదు. మొత్తం గంటల్లో సగం ఐడిల్ ఉంటే బోరుకు గ్లేజు పట్టడం (గోడ అద్దంలా నున్నగా అయిపోవడం), ఇంజెక్టర్ల మీద మసి, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) నిండిపోవడం లాంటివి ఎదురుచూడాల్సిందే.

రీడింగ్ తిప్పారేమో ఎలా తెలుస్తుంది?

కిలోమీటర్లను గంటలతో భాగించండి. దూర ప్రయాణాల బండికి గంటకు 35 నుంచి 55 మధ్య రావాలి. 12 వస్తే ఆ బండి ఊళ్లోనో, గనిలోనో, నిలబడో బతికింది, లేదంటే మీటరు వెనక్కి తిరిగింది. అమ్మేవాళ్లు చెప్పే కథ ఈ అంకెతో కలవాలి.

ఇంజన్ స్టార్ట్ చేసి చూడటానికి ఎప్పుడు వెళ్లాలి?

పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. బ్లాకు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే "ఇప్పుడే జరిపి పెట్టాం" అంటారు. నమ్మండి, కానీ మర్నాడు మళ్లీ వెళ్లండి. చల్లటి ఇంజన్ దాచలేనివి చాలా ఉంటాయి: ఎంతసేపు తిరిగితే పట్టింది, పట్టాక ఎన్ని సిలిండర్లు తడబడ్డాయి, తెల్ల పొగ ఎంతసేపు ఉంది.

స్టార్ట్ చేసే ముందే ముందువైపు నిలబడి ఒకరిని క్లచ్ తొక్కి వదలమనండి. క్రాంక్ పుల్లీ ముందుకు వెనక్కి కంటికి కనిపించేంత జరిగితే థ్రస్ట్ బేరింగ్ పని అయిపోయినట్టు. నిమిషం పట్టని పరీక్ష, ఎవరూ చెయ్యరు.

బ్యాక్ కంప్రెషన్ ఎలా చూడాలి?

బ్యాక్ కంప్రెషన్ అంటే పిస్టన్ రింగుల పక్క నుంచి కింద క్రాంక్‌కేసులోకి దిగే గాలి. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని తలకిందులుగా రంధ్రం మీద వదిలేయండి. కొద్దిగా వణికితే మామూలే. ఎగిరి పడిపోతే రింగులో, బోరో పోయినట్టు అనుమానించాలి. కొన్ని ఇంజన్లలో ఆ మూత సరిగ్గా టాపెట్ల మీద ఉండి, ఆరోగ్యంగా ఉన్నా గాలి కొడుతుంది, కాబట్టి ఇదొక్కటే చూసి తీర్పు ఇవ్వకండి. బ్రీదర్ పైపు (ఆ గాలి బయటికి పోయే గొట్టం) కొస దగ్గరికి వంగి చూడండి. అక్కడి నుంచి ఛాసిస్ మీదకు నల్లగా, తడిగా దుమ్ము పట్టిన చార ఉంటే అది చాలా రోజుల కథ.

సరైన పద్ధతి లోడు మీద మానోమీటరుతో కొలిచి కంపెనీ పరిమితితో పోల్చడం. ఎక్కువ వచ్చినా వెంటనే ఇంజన్ దించమనకండి. బ్రేకుల ఎయిర్ కంప్రెసర్ రింగులు అరిగినా, టర్బో సీలు లీకైనా గాలి క్రాంక్‌కేసులోకే వస్తుంది. ఆ రెండూ తేల్చుకోకుండా బోరు పోయిందనడం తొందరపాటు.

పొగ రంగును బట్టి చెప్పవచ్చా?

కొంతవరకు. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ, తియ్యటి వాసన ఉంటే కూలెంట్ లోపలికి వెళ్తోంది. నల్ల పొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి లేదు: ఎయిర్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ హోసు పగులు, టర్బో బలహీనత, నాజిళ్లు, ఈ వరుసలో చూడండి, ఖర్చు తక్కువది ముందు.

డీపీఎఫ్ ఉన్న బండికి ఈ సూత్రాలు సగమే పనిచేస్తాయి, ఫిల్టర్ మసిని పట్టేస్తుంది కాబట్టి. సైలెన్సర్ పైపు లోపల వేలు పెట్టి తిప్పండి (చల్లగా ఉన్నప్పుడు!). వేలికి నల్లగా మసి అంటితే లోపల ఫిల్టర్ పగిలింది, లేదా తీసేశారు.

ఆయిల్ చూసి ఏం తెలుసుకోవచ్చు?

రంగు చూసి ఏమీ తెలుసుకోలేరు, డీజిల్ ఇంజన్ ఆయిల్ నల్లగానే ఉంటుంది. వేడి ఇంజన్ ప్రెషర్ చూడండి. చాలా ఇంజన్లకు వేడిగా ఐడిల్‌లో 10 పీఎస్‌ఐ, రేటెడ్ ఆర్‌పీఎంలో 30 పీఎస్‌ఐ అనేది కింది హద్దుకు దగ్గరగా ఉంటుంది. మీ ఇంజన్‌కు కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ప్రెషర్ ఎత్తు ఎక్కి వచ్చిన వెంటనే చూడాలి, షెడ్డులో కాదు.

ల్యాబుకు శాంపిల్ పంపగలిగితే ఇంకా మంచిది. ఇనుము, క్రోమియం ఎక్కువైతే లైనర్లు, రింగులు. సీసం పెరిగితే బేరింగులు. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ కలుస్తోంది. నేను ముందు చూసేది సిలికాన్. అది ఇనుముతో పాటు పెరిగితే ఇంజన్ దుమ్ము పీల్చింది, ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఎక్కడో పగులు ఉంది. దుమ్ము తిన్న ఇంజన్‌కు ఆయుష్షు పోసే మందు లేదు. అమ్మేవాళ్లు నిన్ననే కొత్త ఆయిల్ పోసి ఉంటే రిపోర్టు ఎందుకూ పనికిరాదు, అప్పుడు పాత ఆయిల్ ఫిల్టర్ అడగండి. కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో వంచి చూస్తే మెరుపు కనిపిస్తుంది. అయస్కాంతానికి అంటే ఇనుము, అంటకపోతే బేరింగ్ లోహం.

రేడియేటర్ వైపు ఏం చూడాలి?

భారీ లోడుకు ఇదే ప్రాణం. ఎత్తులో ఇంజన్ పూర్తి బలంతో పనిచేస్తుంది, బండి మాత్రం 25 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది, ఎదురు గాలి ఉండదు. మొత్తం భారం ఫ్యాన్ మీద, రేడియేటర్ మీద పడుతుంది. ఫ్యాన్ క్లచ్ పట్టినప్పుడు హోరు స్పష్టంగా వినిపించాలి. రేడియేటర్, ఇంటర్‌కూలర్ మధ్య సందులో టార్చి వేసి చూడండి, బయటికి శుభ్రంగా ఉన్నవి కూడా మధ్యలో దుమ్ముతో మూసుకుపోయి ఉంటాయి. కూలెంట్‌లో నూనె జిడ్డు తేలితే ఆయిల్ కూలర్ చూపించాలి. ఇంజన్ నడుస్తుండగా ఆగకుండా బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్, లేదా హెడ్ పగులు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత మాత్రం విప్పకండి.

లైనర్ ఇంజన్‌లో ఏళ్ల తరబడి మామూలు నీళ్లు పోసి నడిపారని తెలిస్తే ధర ఎంత తగ్గించినా ఆలోచించండి. సరైన కూలెంట్ లేకపోతే లైనర్ కంపనాలకు పుట్టే సూక్ష్మ బుడగలు పగులుతూ బయటివైపు గుంటలు పడతాయి, ఒకరోజు అవి లోపలిదాకా రంధ్రాలవుతాయి.

ట్రయల్ ఎలా వేయాలి?

లోడుతో. దీనికి మినహాయింపు లేదు. మీరు మోయబోయే బరువుకు దగ్గరగా వేయించి, కనీసం ఇరవై నిమిషాలు ఆగకుండా ఎక్కే ఎత్తు ఎంచుకోండి. మొదటి ఐదు నిమిషాల్లో ఏ ఇంజనైనా బాగానే ఉంటుంది. వేడి నిండేది ఆ తర్వాతే.

ఒక గేరులో పూర్తి రేస్ ఇచ్చి ఆర్‌పీఎం 1,700 నుంచి 1,100కి పడేదాకా గేరు మార్చకుండా ఉండండి. పడే తీరు చూడండి. మెల్లగా, ఒకే స్వరంతో పడి 1,200 దగ్గర కాసేపు మొండికేసి నిలబడితే టార్క్ ఉంది. గబగబా జారిపోతే లేదు. మధ్యలో వణుకు వస్తే ఏదో సిలిండర్ సరిగా పనిచేయడం లేదు, స్కానర్‌తో ఒక్కో సిలిండర్ ఆపి చూస్తే ఏదో తెలుస్తుంది.

టెంపరేచర్ ముల్లు ఎత్తు మొదట్లో కొంచెం పైకి లేచి, ఫ్యాన్ పట్టగానే ఆగాలి. అక్కడి నుంచి మెల్లగా ఎక్కుతూనే ఉంటే, ఎర్ర గీత తాకకపోయినా, కూలింగ్ చాలడం లేదు. బూస్ట్ ప్రెషర్ స్కానర్‌లో చూసి కంపెనీ అంకెతో పోల్చండి.

పైకి వెళ్లాక ఇంజన్ వెంటనే ఆపకండి, రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి టర్బోను చల్లారనివ్వండి. ఆ వేడి మీదే ఆయిల్ ప్రెషర్, బ్రీదర్ పొగ, లీకులు చూసుకోండి. ఆపి ఐదు నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేయండి. చల్లగా చటుక్కున పట్టి, వేడిగా మొరాయించే కామన్ రైల్ ఇంజన్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హై ప్రెషర్ పైపు నుంచి డీజిల్ అందేది) ఇంజెక్టర్ల రిటర్న్ లీకు ఎక్కువని అనుమానించాలి.

చిప్ వేసి పవర్ పెంచారట. లాభమేనా?

భారీ లోడుకు నష్టం. పెరిగిన డీజిల్‌కు తగ్గట్టు పిస్టన్లు, టర్బో, రేడియేటర్ పెరగలేదు. మామూలు బండి మీద తేలికగా తిరిగేవాళ్లకు చెల్లుతుందేమో గానీ, ఎత్తులో అరగంట పూర్తి రేస్ ఇచ్చేవాళ్లకు కాదు.

డీపీఎఫ్, యూరియా ఉన్న ఇంజన్ అంటే టెన్షన్‌గా ఉంది. పాతది వెతుక్కోవాలా?

భారీ లోడు పని ఈ పొగ శుద్ధి వ్యవస్థకు నిజానికి మంచిది. లోడు మీద పొగ వేడిగా ఉంటుంది, మసి తనంతట తానే కాలిపోతుంది. ఇబ్బంది పడేవి ఊళ్లో ఆగి ఆగి తిరిగే బండ్లు. అందుకే పాత యజమాని ఏం పని చేయించాడో ముఖ్యం. రీజెనరేషన్ (ఫిల్టర్‌లోని మసిని కాల్చేయడం) ఎంత తరచుగా జరిగిందో స్కానర్ చెబుతుంది. ఈజీఆర్ కూలర్ (తిరిగి ఇంజన్‌లోకి పంపే పొగను చల్లార్చేది) ఎప్పుడు మార్చారో అడగండి, అది లోపల పగిలితే కూలెంట్ కారణం తెలియకుండా తగ్గుతుంది. మొత్తం వ్యవస్థ తీసేసిన బండి చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, మళ్లీ అమ్మడం కూడా కష్టం.

పాత మెకానికల్ పంపు ఇంజన్లు ఎక్కడ ఆగినా బాగుచేసుకోవచ్చు, అది నిజమే. కామన్ రైల్‌లో 1,600 బార్‌కు పైబడిన ప్రెషర్ ఉంటుంది, డీజిల్‌లో నీళ్లు కలిస్తే ఇంజెక్టర్లు నిలబడవు. మంచి డీజిల్, మంచి వర్క్‌షాప్ దారిలో ఉన్నవాళ్లకు కొత్తదే లాభం.

ఇంజన్ కొత్తగా కట్టించామంటున్నారు. ధర ఎక్కువ పెట్టవచ్చా?

బిల్లులు చూపిస్తేనే. రింగులు, గ్యాస్కెట్ మార్చి రంగు వేసినా "కట్టించాం" అంటారు. లైనర్లు, పిస్టన్లు, మెయిన్ బేరింగులు, ఆయిల్ పంపు, హెడ్ పని, ఇంజెక్టర్లు, టర్బో, వీటిలో ఏవి కొత్తవో ఒక్కొక్కటీ అడగండి. క్రాంక్ గ్రైండింగ్ చేయించారా, ఏ సైజు బేరింగ్ వేశారు? ఎందుకు కట్టించాల్సి వచ్చింది? వేడెక్కి సీజ్ అయిందంటే ఆ వేడికి కారణం ఏమిటో, అది సరిచేశారో లేదో తెలియాలి. రేడియేటర్ ముట్టుకోకుండా ఇంజన్ మాత్రం కట్టించిన బండి అదే దారిలో మళ్లీ వెళ్తుంది.

దిగుడులో ఇంజన్ బ్రేక్ అంత ముఖ్యమా?

ఎక్కించిన 40 టన్నులను దించాలి కూడా కదా. ఇంజన్ తయారీదారు క్లెస్సీ కమిన్స్ 1931లో డీజిల్ లారీ మీద అమెరికా దాటుతూ కాలిఫోర్నియాలోని కహోన్ పాస్ దిగుతుండగా బ్రేకులు చేతులెత్తేశాయి, కింద రైలు గేటు దగ్గర వెంట్రుకవాసిలో తప్పింది. తర్వాత ఆయన రూపొందించిన కంప్రెషన్ బ్రేక్‌ను (సిలిండర్లలో నొక్కిన గాలిని వదిలేసి ఇంజన్‌తోనే వేగం తగ్గించేది) జేకబ్స్ కంపెనీ 1961లో మార్కెట్లోకి తెచ్చింది. పొగ దారిని మూసి ఇంజన్‌ను నిలువరించే ఎగ్జాస్ట్ బ్రేక్ కన్నా అది చాలా బలమైనది. మీరు చూస్తున్న బండిలో ఏది ఉందో తెలుసుకుని, లోడుతోనే దిగుడులో పరీక్షించండి. స్విచ్ వేయగానే బండి పట్టినట్టు తెలియాలి, ఫుట్ బ్రేక్ తొక్కకుండా వేగం నిలబడాలి.

లోడు ట్రయల్‌కు అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే?

లోడు ఖర్చు, డ్రైవర్ ఖర్చు మీరే పెట్టుకుంటామని చెప్పి చూడండి. అప్పటికీ వద్దంటే చాసిస్ డైనమోమీటర్ ఉన్న వర్క్‌షాప్‌లో పరీక్షకు అడగండి, అక్కడ కదలకుండానే పూర్తి లోడు ఇవ్వవచ్చు. రెండింటికీ ఒప్పుకోకపోతే, ఇంజన్ కట్టించుకోవాల్సిందే అన్న లెక్కతో ధర చెప్పండి.